పాతకాలపు ఇటాలియన్ వైనరీలో రెడ్ వైన్ రుచి చూడటం ఎలా? బరోలో వెళ్లేవాళ్ల కోసం

ఇటలీలో వైన్ తయారుకాని ప్రాంతమే లేదు. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు ఏదో ఒక టూర్ బస్సెక్కి, రోజుకు నాలుగైదు వైనరీలు చుట్టేసి, సాయంత్రానికి ఏది ఎక్కడ తాగారో గుర్తురాక తికమక పడుతుంటారు. దానికంటే ఒకే ప్రాంతాన్ని పట్టుకుని నింపాదిగా చూడటం మేలు. రెడ్ వైన్ కోసమే వెళ్తుంటే నా ఓటు వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్‌కి, అందులోనూ బరోలోకి. అక్కడి ద్రాక్షతోటల కొండలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1. ఊరు, వైనరీ ఎంచుకోండి

బరోలోకి దగ్గర్లోని ఆల్బా పట్నంలో దిగితే సౌకర్యంగా ఉంటుంది. టూరిన్ నుంచి అక్కడికి రైల్లో వెళ్లొచ్చు. బరోలో పేరుతో వైన్ చేసే హక్కు చుట్టుపక్కల 11 గ్రామాలకే ఉంది. అదీ నెబ్బియోలో అనే ఒక్క ద్రాక్ష రకంతోనే చేయాలి. గ్రామాన్ని బట్టి రుచి మారుతుంది. లా మొర్రా వైపు మట్టిలో పండినది కాస్త మెత్తగా, సువాసనతో ఉంటుంది. సెర్రలుంగ వైపుది బిరుసు, ఏళ్లు గడిస్తే గానీ లొంగదు. ఉదయం అక్కడొకటి, మధ్యాహ్నం ఇక్కడొకటి చూడండి. రోజుకు రెండు చాలు, మూడోదానికి నాలుక పనిచేయదు.

ఇక పాతకాలపు వైనరీ అంటే పాత భవనం అని కాదు. పీపాలు చూడాలి. వేల లీటర్లు పట్టే పెద్ద ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ చేయడం ఇక్కడి పాత పద్ధతి. 1980ల్లో కొందరు కుర్రాళ్లు ఫ్రాన్స్ నుంచి 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు తెచ్చారు. వాటిలో వైన్ త్వరగా మెత్తబడుతుంది, కాకపోతే వెనిలా వాసన ఎక్కుతుంది. దీని మీద ఇళ్లల్లో పెద్ద గొడవలే జరిగాయి. ఎలియో ఆల్తారె అనే కుర్రాడు తన తండ్రి పెద్ద పీపాలను రంపంతో కోసేస్తే, తండ్రి అతనికి ఆస్తి ఇవ్వకుండా చేశాడు. అవతలి పక్షంలో బర్తోలో మస్కరెల్లో అనే పెద్దాయన, తనకు నచ్చని ఇటలీ రాజకీయ నాయకుణ్నీ కలిపి, 'చిన్న పీపాలు వద్దు, బెర్లుస్కోనీ వద్దు' అని సీసా లేబుల్ మీదే బొమ్మ గీసి మరీ రాశాడు! ఇప్పుడు ఆ వేడి చల్లారింది, చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. వైనరీ వెబ్‌సైట్‌లో పెద్ద పీపాల ఫొటోలు కనిపిస్తే మీరు వెతికేది అదే.

2. ముందే మెయిల్ పెట్టండి

ఇవి చాలావరకు కుటుంబాలు నడిపేవి. తలుపు తట్టి లోపలికి వెళ్లే పద్ధతి ఉండదు. కొన్ని వారాల ముందే ఇంగ్లిష్‌లో చిన్న మెయిల్ రాయండి: ఎంతమంది, ఏ రోజు, ఉదయమా సాయంత్రమా. ఆదివారం చాలాచోట్ల సెలవు. మధ్యాహ్నం భోజన వేళ ఎవరూ దొరకరు. ఆగస్టు నడిమధ్యలో ఊళ్లకు ఊళ్లే సెలవు మీద ఉంటాయి. నెబ్బియోలో కోతలు అక్టోబర్‌లో పడతాయి. అప్పుడు తోటలు చూడముచ్చటగా ఉంటాయి కానీ వాళ్లకు ఊపిరి సలపదు. పైగా ఆల్బాలో తెల్ల ట్రఫుల్స్ (నేలలోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగుల్లాంటివి) సంత అప్పుడే, గదుల రేట్లు మండిపోతాయి. మే, జూన్ హాయి.

తిండి సంగతి కూడా ఆ మెయిల్లోనే తేల్చేయండి. వైన్‌తో పాటు పెట్టే ప్లేటులో పంది మాంసం సలామీ, ఒక్కోచోట పచ్చి గొడ్డుమాంసం కూడా ఉంటాయి. శాకాహారులైతే, లేదా బీఫ్ తినకపోతే ముందే చెబితే చీజ్, బ్రెడ్, హేజల్‌నట్స్ పెడతారు. అక్కడికెళ్లాక మొహమాటపడి కూర్చోవడం కంటే ఇది నయం.

3. కారు ఎవరు నడపాలో తేల్చుకోండి

కొండ ఊళ్లకు బస్సులు అరకొర. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ లీటరుకు 0.5 గ్రాములు దాటితే బండి నడపడం చట్టవిరుద్ధం. లైసెన్సు వచ్చి మూడేళ్లు కాకపోతే ఒక్క చుక్క కూడా కుదరదు. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. ఈ టెన్షన్ అంతా ఎందుకనుకుంటే ఆల్బాలో డ్రైవర్‌తో కారు మాట్లాడుకోవడం ఉత్తమం.

4. ఆ రోజు ఉదయం

సెంటు, అత్తరు పూసుకోవద్దు, వైన్ వాసన మీకే కాదు, పక్కవాళ్లకూ తెలియదు. కడుపు నిండా టిఫిన్ చేయండి. నేలమాళిగలో ఎండాకాలం కూడా చలిగా ఉంటుంది, స్వెటర్ పట్టుకెళ్లండి.

5. లోపల ఏం అడగాలి

తోట, పులియబెట్టే తొట్లు, పీపాలు, ఈ వరసలో చూపిస్తారు. ఫొటోల మీద పడిపోకుండా రెండు ప్రశ్నలు అడగండి. రసంలో తొక్కలను ఎన్ని రోజులు నాననిస్తారు? పీపాల్లో ఎన్ని నెలలు ఉంచుతారు? చట్టం ప్రకారం బరోలో 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కలో. ఇంకా ఎక్కువకాలం నిలవ ఉంచే 'రిసెర్వా' రకం అయితే 62 నెలలు. అంటే 2021 పంట 2025లో గానీ అమ్మకానికి రాలేదు. పాత పద్ధతివాళ్లు తొక్కలను నెల దాటి కూడా నానబెడతారు. వైన్‌కి నోరు బిగబట్టే వగరు వచ్చేది అక్కడే.

6. రుచి చూడటం

సాధారణంగా తేలికవాటితో మొదలుపెడతారు: దొల్చెత్తో, తర్వాత పులుపెక్కువ ఉండే బర్బేరా, ఆపైన బరోలో.

బరోలో గ్లాసులో పోయగానే 'ఇంత పలచగా ఉందేమిటి, నీళ్లు కలిపారా' అనిపిస్తుంది. నెబ్బియోలో రంగే అంత. గ్లాసు కాడ పట్టుకుని తెల్ల కాగితం మీదికి వంచి చూడండి. మధ్యలో కెంపు రంగు, అంచుల్లో ఇటుక రంగు. వయసు పెరిగేకొద్దీ ఆ ఇటుక రంగు లోపలికి పాకుతుంది. రెండుసార్లు తిప్పి వాసన చూస్తే ఎండు గులాబీ రేకులు, దాని వెనకే తారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఒకసారి పట్టుకున్నాక మళ్లీ మర్చిపోరు.

తర్వాత చిన్న గుక్క. వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. నేరేడు పండు తిన్నట్టు చిగుళ్లు, నాలుక బిగుసుకుంటాయి. ఆ వగరు చూసి చాలామంది 'ఇదేం వైన్' అని మొహం పెడతారు. తొందరపడకండి. ఒక ముక్క చీజ్ తిని మళ్లీ తాగితే వగరు తగ్గి అసలు రుచి బయటపడుతుంది. గ్లాసులో అరగంట ఉంచితే ఇంకా మారుతుంది, అందుకే మొదటి గ్లాసు ఖాళీ చేసేయొద్దు.

టేబుల్ మీద ఉమ్మడానికి పాత్ర ఉంటుంది. మొహమాటం లేకుండా వాడండి, ఎవరూ ఏమీ అనుకోరు. అన్నిటికీ 'సూపర్' అనే బదులు ఏది నచ్చలేదో చెప్పి చూడండి. వాళ్లు ఇంకో సంవత్సరం సీసా తీసే అవకాశం అప్పుడే ఎక్కువ.

7. కొనేటప్పుడు

డబ్బు కట్టి రుచి చూసినవాళ్లు కొనితీరాలని లేదు. నచ్చితే ఒకటో రెండో తీసుకోండి. చెక్-ఇన్ సామానులో బట్టల మధ్య చుట్టి పెట్టాలి. మన దేశంలోకి ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే. ఇంట్లో వైన్ ఫ్రిజ్ లేకపోతే ఏళ్ల తరబడి దాచాలని ఆశపడొద్దు. మే నెల ఎండకు హైదరాబాద్ అల్మారాలో బరోలో పాడైపోతుంది. దాచగలిగే వీలు లేనివాళ్లు బరోలో బదులు 'లాంగె నెబ్బియోలో' అనే వైన్ కొనుక్కోవచ్చు. ద్రాక్ష అదే, ధర తక్కువ, తెచ్చిన నెలలోనే తాగేయొచ్చు.