డీజిల్ కారు బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

ముందు మీ రోజువారీ తిరుగుడు లెక్క వేయండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 (పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, అది బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకోవాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద ఆగకుండా కాసేపు నడవాలి. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపడానికి, కూరగాయలకి రెండు కిలోమీటర్లు తిప్పడమే పనైతే పెట్రోల్ తీసుకోండి, నా మాట వినండి.

- డీపీఎఫ్ లైటు వెలిగితే నిర్లక్ష్యం వద్దు, మాన్యువల్‌లో చెప్పినట్టు వెంటనే నడపండి.
- యాడ్‌బ్లూ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే ద్రవం) పోయాలా? అడగండి. అది పూర్తిగా అయిపోతే ఆపిన ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు, పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే పెద్ద ఖర్చు.
- టెస్ట్ డ్రైవ్‌కి అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లండి, మోకాళ్ల నొప్పులతో మూడో వరుసలోకి ఎక్కగలరో లేదో అక్కడే తెలుస్తుంది.
- భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్ భద్రతా రేటింగ్ చూడండి.