ఆఫీసు ఈపీఏబీఎక్స్‌లో పీఆర్‌ఐ కార్డు అమర్చే పద్ధతి

అనలాగ్ లైన్లతో నెట్టుకొస్తున్న ఆఫీసు పీఆర్‌ఐకి (ఒకే కేబులు మీద అనేక కాల్స్ మోసే డిజిటల్ లైనుకు) మారినప్పుడు ఈపీఏబీఎక్స్‌లో (ఆఫీసు ఫోన్లను బయటి లైన్లతో కలిపే ఎక్స్ఛేంజి పెట్టెలో) కొత్తగా చేరేది ఒక కార్డు మాత్రమే. దానిని స్లాట్‌లో బిగించడం కొద్ది నిమిషాల పని. సర్వీసు ప్రొవైడరు పెట్టె భాషతో దాని సెట్టింగులు కలపడానికే సమయం పడుతుంది. పీఆర్‌ఐ సెకనుకు 2.048 మెగాబిట్ల వేగంతో నడిచే, ఈ1 అనే రకం డిజిటల్ లింకు. అందులోని 32 టైమ్‌స్లాట్లలో సున్నా సంఖ్య గలది ఫ్రేమింగ్‌కు (టైమ్‌స్లాట్ల వరుస గుర్తించడానికి), 16వది సిగ్నలింగ్‌కు (కాల్ కలిపే, తెంచే సందేశాలకు) పోగా, మిగిలిన 30 మాటలకు పనికివస్తాయి.

కేబుళ్లు, కనెక్టర్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి గానీ, కార్డును మాత్రం ఈపీఏబీఎక్స్ తయారీదారు డీలరు దగ్గరే తీసుకోవడం మంచిది. కొనే ముందు మన మోడల్‌లో ఆ కార్డు ఏ స్లాట్లలో పనిచేస్తుందో, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉండాలో, విడిగా లైసెన్సు కావాలో తెలుసుకోవాలి. ప్రొవైడరు నుంచి లైన్ కోడింగు (బిట్లను తీగ మీద సంకేతాలుగా మార్చే పద్ధతి), సీఆర్‌సీ4 (లింకులో తప్పులు పట్టే తనిఖీ) ఆన్‌లో ఉందా లేదా, డీఐడీ నంబర్ల (బయటివారు నేరుగా ఎక్స్‌టెన్షనుకు చేసే నంబర్ల) శ్రేణి, ఇన్‌కమింగ్ కాల్‌తో పంపే అంకెల సంఖ్య అన్న నాలుగు వివరాలను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. లైన్ కోడింగు సాధారణంగా హెచ్‌డీబీ3 ఉంటుంది.

ఎర్తింగును ఈ దశలోనే పరీక్షించాలి. హైదరాబాద్ నేల చాలాచోట్ల గ్రానైటు రాయి కావడంతో ఎర్త్ గుంత లోతుగా దిగదు, ఎండాకాలంలో తడి ఆరి నిరోధం పెరుగుతుంది, ఆపైన మే నెల ఉరుములు, మెరుపులు రానే వస్తాయి. కాంప్లెక్సులోని అద్దెదారులందరూ ఒకే గుంతకు వైరు చుట్టడం మన ఊళ్లో మామూలే. టెలిఫోను పరికరానికి అది చాలదు.

ముందుగా ప్రోగ్రామింగును బ్యాకప్ తీసుకోవాలి. పవరు ఉండగానే కార్డు మార్చవచ్చని మాన్యువల్ స్పష్టంగా చెప్తే తప్ప, కరెంటుతో పాటు బ్యాటరీ కనెక్షను కూడా తీసివేయాలి; ప్లగ్గు పీకి బ్యాటరీని మరిచిపోయేవారే ఎక్కువ. మణికట్టుకు యాంటీస్టాటిక్ పట్టీ కట్టుకుని, కార్డును అంచులతో పట్టుకుని, జంపరు (కార్డు మీద సెట్టింగు మార్చే చిన్న క్లిప్పు) జత వైర్ల కేబులుకు తగిన 120 ఓంలకు ఉందో లేదో చూడాలి. 75 ఓంలు కోయాక్సియల్ కేబులుకు. కార్డు గైడు గాడిలో నేరుగా జారి, చివరన కనెక్టరులో గట్టిగా కూర్చోవాలి. బిగువుగా అనిపిస్తే నెట్టకుండా బయటికి తీసి, పిన్నులు వంగాయేమో చూడాలి.

ఆర్‌జే45 ప్లగ్గులో ఒక జత 1, 2 పిన్నుల మీద, మరో జత 4, 5 మీద ఉంటుంది. నెట్‌వర్కు కేబులు మాదిరి 3, 6 మీద క్రింప్ చేస్తే కార్డుపై ఎర్ర దీపం ఆరదు. పిన్నులు సరిగానే ఉండి కూడా సిగ్నల్ లేదని అలారం వస్తే, పంపే జతనూ అందుకునే జతనూ తారుమారు చేసి చూడాలి.

ప్రోగ్రామింగులో అందరూ తేలిగ్గా తీసుకునేది క్లాకు, అంటే బిట్ల వేగాన్ని నడిపే టైమింగు. కార్డు తన క్లాకును ప్రొవైడరు లింకు నుంచే తీసుకునేలా పెట్టాలి. రెండు వైపులా ఎవరి క్లాకు వారు నడుపుకుంటే లింకు పచ్చదీపంతోనే ఉంటుంది, మాటలూ వినిపిస్తాయి, కానీ మధ్య మధ్య టిక్కుమనే శబ్దం వస్తుంది, ఫ్యాక్సు సగంలో తెగిపోతుంది. తప్పు ఫ్యాక్సు యంత్రం మీదికి పోతుంది. స్లిప్ కౌంటరు (క్లాకులు కలవక ఫ్రేములు జారిన లెక్క) పెరుగుతూ పోతే కారణం దాదాపుగా ఇదే. లింకు వచ్చి కూడా డీ-ఛానెల్ (సిగ్నలింగ్ నడిచే 16వ టైమ్‌స్లాట్) లేవకపోతే, కార్డు యూజర్ వైపు కాకుండా నెట్‌వర్కు వైపు పెట్టి ఉందేమో చూడాలి. సీఆర్‌సీ4 రెండు చివరలా ఒకేలా ఉండాలి.

తరువాత డీఐడీ నంబర్లను ఎక్స్‌టెన్షన్లకు జతచేయాలి. ప్రొవైడరు చివరి నాలుగు అంకెలే పంపుతుంటే, పట్టికలో 040తో కూడిన పూర్తి నంబరు రాసి ప్రయోజనం లేదు. పట్టికలో లేని నంబరుకు వచ్చిన కాల్ రిసెప్షనుకు వెళ్లేలా ఉంచాలి. బయటి లైనుకు 0 నొక్కే పద్ధతి ఉన్నా, 112 మాత్రం 0 లేకుండానే వెళ్లేలా చూడాలి.

పరీక్షలో ల్యాండ్‌లైనుకు, మొబైలుకు, అటు నుంచి ఇటు కాల్ చేసి, అవతలివారికి కనిపించే నంబరునూ సరిచూడాలి. పీఆర్‌ఐ ఆగితే 30 ఛానెళ్లూ ఒక్కసారే పోతాయి కనుక, పాత అనలాగ్ లైన్లలో రెండింటిని సరెండర్ చేయకుండా ఉంచుకుని, అవుట్‌గోయింగ్ రూటులో రెండో దారిగా చేర్చాలి. మరునాడు అలారం లాగ్‌లో స్లిప్‌లు లేవని చూసుకున్నాక కొత్త బ్యాకప్ తీసుకోవచ్చు.