'డెడ్‌లైన్ యూఎస్ఏ' ఎలా చూడాలంటే

1952 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, గంటన్నర కూడా ఉండదు, కాబట్టి ఫోన్ పక్కన పడేసి ఒకే బిగిన చూడండి. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి, ఎందుకంటే న్యూస్‌రూమ్‌లో అందరూ ఒకరి మీద ఒకరు మాట్లాడేస్తుంటారు, ఒక్క మాట జారిపోయినా వెనక్కి తిప్పాల్సి వస్తుంది.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇందులో రెండు కథలున్నాయి. 'ది డే' అనే పత్రికను వారసులు అమ్మేస్తున్నారు, కొనేవాడు దాన్ని మూసేస్తాడు. ఇంకోపక్క ఎడిటర్ హచెసన్ (హంఫ్రీ బోగార్ట్) రియెంజీ అనే గ్యాంగ్‌స్టర్ వెంట పడతాడు. చాలామంది రెండోదాని కోసమే చూస్తారు, నాకు మాత్రం మొదటిదే అసలు కథ. రాసి తీసిన రిచర్డ్ బ్రూక్స్ ఒకప్పుడు రిపోర్టర్, అది ప్రతి సీన్‌లోనూ తెలుస్తుంది.

రియెంజీ కథలో హత్యకు గురైన అమ్మాయి తల్లి పత్రిక ఆఫీసుకొచ్చే సీన్ దగ్గర ఆగి, ఇంకోసారి చూడండి. వలస వచ్చిన ఆ ముసలావిడ ఈ పత్రిక చదివే ఇంగ్లీష్ నేర్చుకుంది. అందుకే కూతురి డైరీని పోలీసులకివ్వకుండా ఇక్కడికి తెచ్చింది. నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

చివర్లో ప్రింటింగ్ ప్రెస్ దగ్గరికి రాగానే వాల్యూమ్ పెంచండి. ఆ యంత్రాల మోత పూర్తిగా వినాలి.