టైటానియంలో పగులు దారి చదవాలంటే

విజయనగరంలో మెటలర్జీ ప్రాజెక్టుకి టీఐ-6ఏఎల్-4వీ (6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన టైటానియం మిశ్రమం) ఎంచుకునేవాళ్లు ముందు ఒకటి తేల్చుకోవాలి: చూడబోయేది పగులు పుట్టడమా, పుట్టిన పగులు పెరగడమా? ఒకదానికి మేలు చేసే లోపలి నిర్మాణం (మైక్రోస్ట్రక్చర్) తరచూ రెండోదానికి చేటు.

ఒకే రాడ్డులోంచి రెండు ముక్కలు కోయండి. ఈ మిశ్రమానికి బీటా ట్రాన్సస్, అంటే ఆల్ఫా అనే స్ఫటిక రూపం పూర్తిగా బీటా అనే రూపంలోకి మారిపోయే వేడి, సుమారు 995 డిగ్రీల సెల్సియస్. మొదటి ముక్కని 1020 దగ్గర అరగంట ఉంచి ఫర్నేసులోనే చల్లారనివ్వండి. ఆల్ఫా పలకలు కట్టలు కట్టలుగా పేరుకుంటాయి. రెండోదాన్ని 950 దగ్గర గంటసేపు ఉంచి, బయటికి తీసి గాలికి చల్లార్చి, 700 దగ్గర రెండు గంటలు ఆనీల్ చేయండి. గుండ్రటి ఆల్ఫా గింజలు, వాటి మధ్య సన్నటి పలకలు వస్తాయి. 950 మీద ఉండగా కరెంటు పోయి, తలుపు తీయకుండా వదిలేశారా, ఆ ముక్క పక్కన పెట్టేయండి. నెమ్మదిగా చల్లారేటప్పుడు గింజలు లావెక్కి పలకల చోటు ఆక్రమించేస్తాయి.

గాలిలో వేడిచేస్తే పైన ఆల్ఫా కేస్ అనే పెళుసు పొర కడుతుంది. ముక్కని ముందే కాస్త పెద్దదిగా కోసుకుని, తర్వాత అన్ని వైపులా అర మిల్లీమీటరు తీసేయండి. లేదంటే పగులు ఆ పొరలోనే పుడుతుంది, మీరేమో నిర్మాణాన్ని తప్పుపడతారు.

ఎచింగుకి, అంటే నిర్మాణం కనబడేలా పాలిష్ ముఖాన్ని ఆమ్లంతో కాస్త తినిపించడానికి, 92 మి.లీ. నీళ్లు, 6 నైట్రిక్ ఆమ్లం, 2 హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. పది పదిహేను సెకన్లు చాలు. ప్లాస్టిక్ బీకరే వాడాలి, గాజుని హైడ్రోఫ్లోరిక్ తినేస్తుంది. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి మాత్రం దిగిపోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేకపోతే సీసా మూత తీయొద్దు.

పలకల ముక్కలో పొడవాటి పగులు కట్ట మారిన ప్రతిచోటా మెలిక తిరుగుతుంది, చీలుతుంది, అందుకే నెమ్మదిస్తుంది. అదే పగులు చిన్నదై ఒకే కట్టలో ఉంటే అడ్డేమీ ఉండదు, పరుగెడుతుంది. పొడవాటి పగులు గ్రాఫు చూసి చిన్న పగులు ఆయుష్షు లెక్కగట్టకండి.

దృఢత్వ పరీక్షలో, అంటే పగులుని ముక్క ఎంత తట్టుకుంటుందో (ఫ్రాక్చర్ టఫ్‌నెస్) కొలిచేటప్పుడు, ఎక్కువమంది దెబ్బతినేది ముక్క మందం దగ్గర. ఈల్డ్ (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) 850 మెగాపాస్కల్, కే విలువ (ఆ దృఢత్వం కొలత) 55 మెగాపాస్కల్ √మీటర్ అనుకుంటే, 2.5 × (55/850)² మీటర్ల ప్రకారం కనీసం 10.5 మి.మీ. మందం కావాలి. కే 80 అయితే 22 మి.మీ. గింజల ముక్కకి సరిపోయిన 12 మి.మీ. పలకల ముక్కకి చాలదు.

ఎచింగుకి ముందే, కొలాయిడల్ సిలికాతో పాలిష్ అయిన ముఖాన్ని పోలరైజ్డ్ కాంతిలో తిప్పి చూడండి. గింజలు విడివిడిగా ఉన్నా ఒక పట్టీ అంతా కలిసి వెలిగి, కలిసి ఆరితే, అది మాక్రోజోన్. పగులుకి అదంతా ఒకే పెద్ద గింజ కింద లెక్క. 2017లో గ్రీన్‌లాండ్ మీద ఎయిర్ ఫ్రాన్స్ ఏ380 ఇంజిను ఫ్యాన్ హబ్ పగిలింది ఇలాంటి చోటునుంచే, ఈ మిశ్రమంలోనే.