కోతలకు ముందే కొండ మీది రేడియో గది చూసుకోండి

ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల కొండల మీద రిపీటర్ గదులు (రేడియో సంకేతాన్ని అందుకుని మళ్లీ దూరానికి పంపే యంత్రాలుండే గదులు) చూసుకునేవాళ్లకు వానాకాలమంతా పిడుగుల భయంతోనే గడిచిపోతుంది. ఎలుకల బెడద ఆ తర్వాత మొదలవుతుంది. దసరా దాటాక పోడు చేలలో చోళ్లు, కింద మడుల్లో వరి కోసి గింజ ఇళ్లకు చేర్చేసరికి ఎలుకలకు తిండీ, దాపూ రెండూ పోతాయి. పైగా చలి. రాత్రీ పగలూ వెచ్చగా ఉండే మన ట్రాన్స్‌మిటర్ గది అప్పుడు వాటికి అత్తవారిల్లే.

ఊళ్లో ఇంటికి పనికొచ్చే ఉపాయాలు ఇక్కడ చెల్లవు. బోను పెడితే రోజూ చూసే మనిషి కావాలి. నెలకోసారి కొండెక్కే చోట అందులో పడిన ఎలుక కుళ్లి చీమలను పిలుస్తుంది. మందు పెడితే కేబుల్ ట్రేలో చెయ్యి అందని మూలకు పోయి చస్తుంది. జింక్ ఫాస్ఫైడ్‌కు తేమ తగిలితే విషవాయువు వస్తుంది కనుక మూసి ఉంచే గదిలో దాని ఊసే వద్దు. దారులు మూయడం ఒక్కటే నమ్మదగ్గ పని.

మధ్యాహ్నం ఎండలో లోపలికి వెళ్లి తలుపు వేసి, దీపాలు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. 6 మిల్లీమీటర్ల సందు చాలు, చిట్టెలుక దూరిపోతుంది. పెన్సిల్ పట్టే కన్నాన్ని చిన్నదని వదిలేయకండి. ఎక్కువగా దొరికేవి తలుపు కింది సందు, ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకు వెళ్లే ఫీడర్ కేబుళ్లు గోడలోంచి వచ్చే చోటు. పాత కేబుల్ తీసేసినవాళ్లు దాని కన్నం మూయరు, అదేం అలవాటో!

కన్నంలో నురుగులా నిండి గట్టిపడే ఫోమ్ ఒక్కటే కొడితే ఎలుక దాన్ని కొరికి పారేస్తుంది. ముందు స్టెయిన్‌లెస్ స్టీలు పీచుగానీ రాగి జాలిగానీ గట్టిగా కూరి, పైన సిమెంటు పూయండి. మామూలు ఇనుప పీచు మన వానలకు తుప్పు పడుతుంది. ఏ పీచైనా దాని పోగులు బ్యాటరీ టెర్మినళ్ల మీద రాలితే షార్ట్ అవుతుంది. గాలి కిటికీలను మాత్రం మూసేయవద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, అది బయటికి పోవాలి. అక్కడ సన్నకన్నుల ఇనుప జాలిని స్క్రూలతో బిగిస్తే సరిపోతుంది.

రిఫ్లెక్టెడ్ పవర్, అంటే యాంటెన్నా వైపు పంపిన పవర్‌లో ట్రాన్స్‌మిటర్‌కు వెనక్కి తిరిగొచ్చేది, పెరిగిందంటే అందరూ యాంటెన్నాను అనుమానించి టవర్ ఎక్కుతారు. ఎక్కే ముందు నేల దగ్గర కేబుల్‌ను చేత్తో తడిమి చూడండి. నల్లటి పైతొడుగు మీద పక్కపక్కనే జంట గాట్లు తగిలితే అవి పళ్ల గుర్తులే. అక్కడి నుంచి నీరు లోపలికి దిగుతుంది.

జనరేటర్ స్టార్ట్ చేసే ముందు మూత తెరిచి చూడాలి. సైలెన్సర్ పక్కన ఎండుగడ్డి గూడుంటే మంట అంటుకుంటుంది. తిన్న అన్నం పొట్లం మీతోపాటే కొండ దిగాలి.

ఎలుక పెంటికలను పొడిగా ఊడ్చవద్దు. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, దగ్గర్లోని పరికరాలకు కరెంటు ఆపి, బ్లీచింగ్ నీళ్లతో తడిపాక తుడవండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, ఎలుకల మీద బతికే నల్లుల్లాంటి సన్న పురుగులతో స్క్రబ్ టైఫస్ వస్తాయి. కొండ దిగిన కొన్నాళ్లకు జ్వరం వస్తే, ఎక్కడ పనిచేశారో డాక్టరుకు చెప్పండి.

ఎలుకల వెనకే నాగుపాము, కట్లపాము వస్తాయి. బ్యాటరీ ర్యాకు వెనక్కి చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి, పొడవాటి ఎండు వెదురు కర్రతో కదిపి చూడండి. ఒంటరిగా వెళ్లవద్దు. పాము విషానికి విరుగుడు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో బయలుదేరే ముందే కనుక్కోండి.