బ్రహ్మకమలం పూయట్లేదా? ముందు కుండీ ఎత్తి అడుగు చూడండి

ఆకులు ఏపుగా ఉన్నాయి, మొగ్గ మాత్రం రాదు

ముందు మొక్క వయసు చూడండి. ముక్క నాటి రెండు మూడేళ్లు నిండకపోతే ఎదురుచూడటమే పని. తర్వాత వెలుతురు. మెట్ల కింద పెడితే సన్నగా సాగుతుంది తప్ప పూయదు, ఉదయపు ఎండ తగిలే చోటికి మార్చండి. యూరియా ఆపేయండి. పెద్ద కుండీలోకి మార్చాలన్న ఉబలాటం కూడా వద్దు, వేళ్లు ఇరుకుగా ఉంటేనే ఇది బాగా పూస్తుంది. మనం ఆకు అంటున్నది నిజానికి కాండం. మొగ్గ దాని అంచు నొక్కుల్లోంచే వస్తుంది కాబట్టి, అందం కోసం కత్తిరిస్తే పూత కూడా పోతుంది.

ఆకులు పసుపెక్కి మచ్చలు పడుతున్నాయి

ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండ తగులుతోంది. షేడ్ నెట్ కట్టండి.

ఆకులు వాలిపోతున్నాయి, మొగ్గలు రాలుతున్నాయి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వానాకాలంలో ఆకులు మెత్తబడి, ముడతలు పడి వేలాడతాయి. అచ్చం నీళ్లు చాలనట్టే ఉంటుంది. పైమట్టి ముట్టుకుంటే పొడిగానే తగులుతుంది. దాంతో ఇంకో చెంబు పోస్తారు. అది ఇంకా వాలుతుంది, మళ్లీ పోస్తారు. ఈలోగా బఠాణీ గింజంత మొగ్గలు ఒక్కొక్కటే రాలిపోతాయి. లోపల జరిగింది వేరు. అడుగున నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లాయి, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు.

"చిల్లులున్నాయండీ" అంటారు. ఉంటాయి. కానీ ప్లాస్టిక్ కుండీలకు చాలాసార్లు చిల్లుల గుర్తులే ఉంటాయి, పొడుచుకోవాల్సింది మనమే. పొడిచినా, డాబా గచ్చు మీద కుండీ ఆనుకుని ఉంటే బురద పేరుకుని మూసుకుపోతుంది. టైల్స్ పాడవకూడదని కింద పెట్టే ప్లేటు సరేసరి. నర్సరీ మేళాలో కొన్న మొక్కయితే కవర్లోని బంకమట్టి ముద్దను విప్పకుండా అలాగే దించేస్తారు. ఆ ముద్ద లోపలి తడి ఓ పట్టాన ఆరదు.

ఒక మగ్గు నీళ్లు పోసి కుండీ ఎత్తి పట్టుకోండి. నిమిషంలో కిందినుంచి ధారగా కారాలి. కారకపోతే చిల్లులో పుల్ల గుచ్చండి. నల్లటి బురద, మురుగు వాసన వచ్చాయంటే ఇక వేరే కారణం వెతకక్కర్లేదు.

మొక్కను బయటికి తీసి నల్లబడ్డ వేళ్లు కోసేయండి. రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. ఇది మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే కాక్టస్, వేళ్లకు గాలి ఆడాలి. అందుకని ఎర్రమట్టి తగ్గించి కొబ్బరి పీచు ముక్కలు, ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి చిన్న కుండీలో నాటండి. వారం దాకా నీళ్లు వద్దు. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. వేళ్లన్నీ పోతే గట్టి ఆకును జానెడు కోసి, గాయం ఆరాక నాటుకోండి. ఈ ఏడాది పూత మీద ఆశ వదులుకోండి.

అడుగు బాగానే ఉండి మొగ్గలు రాలితే, మొగ్గ వేశాక కుండీ చోటు మార్చారేమో గుర్తు చేసుకోండి. హాల్లోకి తేవాలనుంటే విచ్చుకునే సాయంత్రం తెచ్చుకోండి.

మిగతావి

పిండినల్లికి సబ్బునీళ్లు చాలు. బోరు నీళ్లతో తెల్ల పొర కడితే పైమట్టి గీకి కొత్తది వేయండి. దిష్టికి నా దగ్గర మందు లేదు.

రాత్రి విచ్చుకున్న పువ్వు తెల్లారేసరికి వాడిపోయిందా? అది జబ్బు కాదు, కంగారు పడకండి.