మైనస్ 28లో రెండో గేరు పడాలంటే

అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో చదువుకునే రోజుల్లో 2008 హోండా సివిక్ ఒకటి కొన్నాను. మాన్యువల్ బండి కాబట్టే చవగ్గా దొరికింది. అక్కడ క్లచ్ తొక్కడం వచ్చినవాళ్లు తక్కువ. నేనేమో ఖమ్మంలో మారుతీ 800 మీద చెయ్యి తిప్పుకుని వచ్చినవాణ్ణి.

చలి మొదలయ్యే ముందు ఒక చిన్న గ్యారేజీలో గేర్ ఆయిల్ మార్పించాను. బిల్లు మీద ఆయిల్ చిక్కదనం నంబరు 80డబ్ల్యూ-90 అని ఉంది. నాకు అనుమానం రాలేదు. మా ఊళ్లో ట్రాక్టర్ అయినా, లారీ అయినా పోసేది తొంభై నంబరే మరి. జనవరిలో ఒక పొద్దున మైనస్ 28 డిగ్రీలు. బండి స్టార్టయింది కానీ, న్యూట్రల్‌లో క్లచ్ వదిలేసరికి ఇంజిన్ ఆగిపోయినంత పని చేసింది. మొదటి గేరులో కదిలాను. రెండోది పడితే ఒట్టు! పేరుకున్న నెయ్యిలో గరిటె దించినట్టుంది లివర్. మూడు కిలోమీటర్లు మొదటి గేరులోనే పాకాను. వెనక వరసకట్టిన బండ్లలో ఒక్కరూ హారన్ కొట్టలేదు, అది ఇంకా సిగ్గు.

ఎందుకలా అయిందో తెలిస్తే ఆయిల్ ఎంచుకోవడం తేలిక. గేరు మార్చినప్పుడు ఇత్తడి సింక్రో రింగు ఒకటి గేరు పక్కనున్న కోన్‌ని ఒరుసుకుని, రెండిటి వేగాన్నీ సమం చేస్తుంది. ఆ ఒరిపిడి జరగాలంటే మధ్యనున్న ఆయిల్ పొర రింగు గాళ్లలోంచి తప్పుకోవాలి. ఆయిల్ చిక్కబడితే పొర తప్పుకోదు, రింగుకి పట్టు దొరకదు, లివర్ మొండికేస్తుంది. బలవంతంగా తోస్తే అరిగేది ఆ రింగే.

కాబట్టి ముందు బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం తెరవండి. షాపువాడి మాట, స్నేహితుడి మాట ఆ తర్వాతే. నా సివిక్‌కి అందులో రాసినది హోండా ఎంటీఎఫ్, అంటే మాన్యువల్ గేర్‌బాక్స్ కోసం ఆ కంపెనీ అమ్మే ఆయిల్. అది తొంభై నంబరు కన్నా చాలా పల్చన, 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిల్‌కి దగ్గరగా ఉంటుంది. అది దొరకకపోతే తాత్కాలికంగా 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిలే పోసుకోవచ్చని కూడా హోండా చెప్పింది. అలాంటి గేర్‌బాక్స్‌లో 80డబ్ల్యూ-90 పోస్తే ఏమవుతుందో నేను అనుభవించాను.

మీ మాన్యువల్‌లో నంబర్లు ఇస్తే, డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది. చిక్కదనం 1,50,000 సెంటీపాయిజ్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది హద్దు. 75డబ్ల్యూ ఆయిల్ మైనస్ 40 సెల్సియస్ దగ్గర కూడా ఆ హద్దులో ఉండాలి. 80డబ్ల్యూకి ఆ పరీక్ష మైనస్ 26 దగ్గర, 85డబ్ల్యూకి మైనస్ 12 దగ్గర. ఫార్గో, మినియాపొలిస్ చలికి 75డబ్ల్యూ తప్ప వేరే ఆలోచన అనవసరం. వెనక అంకె వేడెక్కాక ఎంత చిక్కగా ఉండాలో చెబుతుంది. దాన్ని కంపెనీ చెప్పినట్టే ఉంచండి. ఇంజిన్ ఆయిల్ అంకెలతో పోల్చి కంగారు పడకండి, కొలబద్దలు వేరు. గేర్ ఆయిల్‌లో 90 అంటే ఇంజిన్ ఆయిల్‌లో సుమారు 40 అంత చిక్కన.

తర్వాత సీసా మీద కనబడే జీఎల్-4, జీఎల్-5, అంటే గేరు పళ్లని కాపాడే శక్తిని బట్టి ఆయిల్‌కి ఇచ్చే తరగతులు. ఐదు పెద్దది కాబట్టి మంచిదనుకునేరు! జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ. అది కొన్ని సింక్రోల ఇత్తడికి పడదు, మరీ జారుడుగా ఉండి రింగు పట్టు కూడా చెడగొట్టవచ్చు. అలాగని జీఎల్-4 అందరికీ కాదు. సుబారు మాన్యువల్ బండ్లలో ముందు డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తిని పంచే గేర్ల కూర్పు) కూడా అదే పెట్టెలో, అదే ఆయిల్‌లో ఉంటుంది. జీఎల్-5 అడిగిన సుబారులో నా మాట విని జీఎల్-4 పోస్తే డిఫరెన్షియల్ పళ్లు పోతాయి.

రెండు మూడు సీసాలు సరిపోయేలా కనబడితే సింథటిక్‌ది తీసుకుని, దాని డేటా షీటులో మైనస్ 40 దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ అంకె, అంటే చలిలో కొలిచిన చిక్కదనం, పోల్చండి, తక్కువున్నదే నయం. పోర్ పాయింట్ చూసి మురిసిపోకండి. ఆయిల్ కదులుతుందా లేదా అన్నదే అది చెబుతుంది, ఎంత మొరాయిస్తుందో చెప్పదు.

మార్చే పని అక్టోబరులోనే పెట్టుకోండి. పావుగంట తిప్పి, బండిని సమంగా లేపి, స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి కింద దూరవద్దు. ముందు పైన పోసే బోల్టు ఊడుతుందో లేదో చూశాకే కింది బోల్టు విప్పండి. ఉన్న ఆయిల్ కారిపోయాక పై బోల్టు బిగుసుకుపోయిందని తెలిస్తే బండి కదలదు. కింది బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలే, ఇనప ముక్కలుంటే మెకానిక్‌ని పిలవాలి. కొత్త వాషర్లు వేసి, కింది బోల్టు బిగించి, పై రంధ్రంలోంచి కారేదాకా పోయండి. నా బండికి లీటరున్నర లోపే పట్టింది, 946 మిల్లీలీటర్ల సీసాలు రెండు సరిపోయాయి. పాత ఆయిల్‌ని చాలా ఆటో పార్ట్స్ షాపులు ఊరికే తీసుకుంటాయి.

బ్లాక్ హీటర్ (చలిలో ఇంజిన్‌ని ముందే వెచ్చబెట్టే కరెంటు హీటరు) పెట్టాం కదా అని వెంటనే బయల్దేరకండి. అది వేడి చేసేది ఇంజిన్‌నే. స్టార్టయ్యాక న్యూట్రల్‌లో క్లచ్ మెల్లగా వదిలి రెండు నిమిషాలు ఆగితే లోపలి షాఫ్టు తిరిగి ఆయిల్ కాస్త కదులుతుంది. ఈలోగా అద్దం మీది మంచు గీకేయవచ్చు.